ఆకుపచ్చ పద్దులో మన ఊరెక్కడ?

2024 ఆగస్టు 31న ములుగు జిల్లా తాడ్వాయి, మేడారం అడవిలో ఒక గాలి వచ్చి పోయింది. తాతల నాటి చెట్లు వేళ్లతో సహా లేచి పడ్డాయి. 50 వేలకు పైగా చెట్లు కూలాయని కొద్ది రోజుల్లోనే లెక్క తేల్చారు. అంతకు ముందు ఏడాది జులైలో అదే జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. తెలంగాణలో అంత వాన ఎప్పుడూ నమోదు కాలేదు. జంపన్నవాగు పొంగి కొండాయి ఊరిని ముంచింది. మనుషులు కొట్టుకుపోయారు. ఇంకో ఏడాది వెనక్కి పోతే 2022 జులైలో గోదావరి భద్రాచలం దగ్గర 71 అడుగులు దాటింది. కూనవరం, వి.ఆర్.పురం, చింతూరు, ఎటపాక మండలాల్లో కోయ, కొండరెడ్డి గూడేలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి.

ఈ మూడు దెబ్బలకూ వాతావరణ మార్పు ఒక్కటే కారణమని నేను అనడం లేదు. ప్రతి గాలినీ ప్రతి వాననూ దాని ఖాతాలో వేస్తే శాస్త్రం ఒప్పుకోదు. గోదావరి నీళ్లు అన్ని రోజులు నిలవడానికి పోలవరం కట్ట కారణమని ముంపు మండలాల వాళ్లు మొత్తుకుంటూనే ఉన్నారు. ఆ మాటా నిలబడే ఉంది. కానీ కాలం తప్పుతోందని మనకు పుస్తకాలు చెప్పనక్కర్లేదు. ఇప్పపువ్వు రాలే రోజులు మారాయి. తునికాకు కోతకు ముందే వడగళ్లు పడుతున్నాయి. సామ, కొర్ర చల్లడానికి పెద్దలు చూసే గుర్తులు ఇప్పుడు కుదరడం లేదు.

ప్రభుత్వాలు కూడా ఇదే మాట అంటున్నాయి. వాతావరణ మార్పును ఎదుర్కోవడానికి ఇన్ని వేల కోట్లు ఖర్చు పెడుతున్నామని బడ్జెట్ ప్రసంగాల్లో చెబుతున్నాయి. ఆ ఖర్చును లెక్కించే పద్ధతి ఒకటి ప్రపంచమంతా తయారవుతోంది. మన యువకులు, ఉపాధ్యాయులు దాని సంగతి ఇప్పుడే తెలుసుకోవాలి. ఎందుకంటే ఆ పద్ధతి రూపాయి ఖజానా నుంచి బయలుదేరిందా అని చూస్తుంది. ఎవరి నేల మీదికి వచ్చింది, ఎవరిని అడిగి వచ్చింది, వచ్చి ఏం చేసింది అని చూడదు. గ్రామసభ సంతకం లేకుండా ఈ లెక్క స్థిరపడితే, రేపు మన పోడు చుట్టూ తవ్వే కందకం మీద కూడా వాతావరణ రక్షణ అనే ముద్ర ముందే పడి ఉంటుంది. అప్పుడు దాన్ని వద్దన్న వాడు ప్రకృతికి శత్రువు అవుతాడు. నా వాదన అంతా ఇదే.

గుర్తు వేయడం అంటే ఏమిటి?

ప్రభుత్వానికి వాతావరణం అనే శాఖ ఒకటి ఉండి, దాని డబ్బు ఒకే చోట ఉండదు. ఆ ఖర్చు వ్యవసాయంలో కొంత, అడవిలో కొంత, నీటిపారుదలలో, కరెంటులో, రోడ్లలో, విపత్తుల సాయంలో కొంత చెదిరి ఉంటుంది. దాన్ని పోగు చేయడానికి బడ్జెట్ పుస్తకంలో ఒక్కో పథకం పక్కన ఒక గుర్తు వేస్తారు. దీన్నే క్లైమేట్ బడ్జెట్ ట్యాగింగ్ అంటున్నారు. ఏడాది చివర ఆ గుర్తులున్న పద్దులన్నీ కూడితే వాతావరణ ఖర్చు ఎంతో తేలుతుంది. మరుసటి ఏడాది ప్రణాళిక దాని మీద వేసుకుంటారు.

ముందుగా ఈ పని చేసిన దేశాల్లో నేపాల్ ఒకటి. 2012–13 బడ్జెట్ నుంచి అక్కడ గుర్తులు వేస్తున్నారు. ఒక పథకం డబ్బులో 60 శాతానికి పైగా వాతావరణ పనులకు పోతే దానికి గట్టి సంబంధం ఉన్నట్టు, 20 నుంచి 60 శాతం అయితే కొంత సంబంధం ఉన్నట్టు, 20 లోపు అయితే లేనట్టు రాసుకుంటారు. మన దేశంలో ఒడిశా 2020–21లో మొదటిసారి వాతావరణ బడ్జెట్ పేరుతో ప్రత్యేక పుస్తకం వేసింది. తర్వాత మరికొన్ని రాష్ట్రాలు ఆ దారి పట్టాయి. కేంద్రం 2023 జనవరి, ఫిబ్రవరి నెలల్లో ఆకుపచ్చ బాండ్లు అమ్మి 16 వేల కోట్లు అప్పు తెచ్చింది. ఏ పెట్టుబడిని వాతావరణ పెట్టుబడి అనాలో చెప్పే వర్గీకరణ ముసాయిదాను 2025 మేలో విడుదల చేసింది. కనుక ఈ గుర్తుల వెనక అప్పులున్నాయి, పెట్టుబడులున్నాయి, విదేశీ నిధులున్నాయి. గుమాస్తాల పని అని వదిలేస్తే మోసపోతాం.

ఒక ఉదాహరణ అనుకుందాం. ఒక గూడేనికి కోటి రూపాయలతో రోడ్డు వేశారు. వరద పోవడానికి మధ్యలో పెద్ద కల్వర్టు కట్టారు. ఇందులో వాతావరణ ఖర్చు ఎంత? కల్వర్టుకు అయిందా? మొత్తం కోటా? ఆ రోడ్డు మీద రేపు గ్రానైట్ లారీలు తిరిగితే ఆ కోటిలో కొంత తీసేయాలా? దీనికి జవాబు ఆర్థికశాఖలో కూర్చున్న ఒక అధికారి రాస్తాడు. కల్వర్టు మొదటి వానకే కొట్టుకుపోయినా గుర్తు మాత్రం పుస్తకంలో చెక్కుచెదరదు.

మనకు ఇది కొత్త కాదు

గుర్తులు వేసి లెక్క చూపించే ఈ విద్య మన మీద యాభై ఏళ్ల కిందటే ప్రయోగించారు. 1974లో మొదలైన అయిదో ప్రణాళికలో గిరిజన ఉపప్రణాళిక వచ్చింది. మన జనాభా ఎంతో అంత వాటా బడ్జెట్‌లో మనకు పెట్టాలన్నారు. ఆ డబ్బు గుర్తుపట్టడానికి బడ్జెట్ పుస్తకాల్లో 796 అనే అంకె పెట్టారు. ఇవాళ కూడా ఏ శాఖ పుస్తకం తెరిచినా 796 కనిపిస్తుంది. అంకె ఉన్నంత మాత్రాన డబ్బు గూడేనికి రాలేదు. వేరే పనులకు పోయింది, మిగిలిపోయిందని మురిగిపోయింది. అందుకే పోరాటాలు జరిగి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2013లో ఉపప్రణాళిక చట్టం వచ్చింది. తెలంగాణలో 2017లో దాని స్థానంలో ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం తెచ్చారు. ఖర్చు కాని డబ్బును మరుసటి ఏడాదికి కలపాలని అందులో రాశారు. ఆ చట్టాల కోసం నడిచిన వాళ్లను నేను తక్కువ చేయడం లేదు. అవి లేకపోతే అడగడానికి ఆధారమే ఉండేది కాదు.

అయితే 2013 చట్టంలోనే ఒక కంత ఉంది. విడదీయలేని పెద్ద నిర్మాణాలు అని ఒక తరగతి పెట్టారు. వాటి ఖర్చులో ప్రభుత్వం నిర్ణయించిన వాటాను మన కోసం ఖర్చయినట్టే భావించవచ్చు. ఈ భావించడం దగ్గరే మన సొమ్ము జారిపోతుంది. మన గూడేనికి రాని పెద్ద నిర్మాణం కూడా మన ఖాతాలో కొంత రాసుకుంటుంది. రేపటి వాతావరణ గుర్తుల్లో ఉన్నది కూడా ఇదే భావించడం. 20 శాతం సంబంధం, 60 శాతం సంబంధం అని కూర్చున్న చోటి నుంచి భావిస్తారు.

ఇంకో చిక్కు చూడండి. 2025 మేలో తెలంగాణ ప్రభుత్వం నాగర్‌కర్నూల్ జిల్లా మాచారంలో ఇందిర సౌర గిరి జల వికాసం మొదలుపెట్టింది. 12,600 కోట్లతో 6 లక్షల ఎకరాల పోడు పట్టా భూములకు సోలార్ మోటార్లతో నీళ్లిస్తామన్నారు. ఇచ్చినంత మేరకు అది మంచి పనే. పట్టా చేతిలో ఉండి నీళ్లు లేని రైతుకు దాని విలువ తెలుసు. కానీ ఇలాంటి పథకంలో ఒక రూపాయిని గిరిజన నిధి కింద ఒకసారి, సాగు కింద ఒకసారి, సూర్యవిద్యుత్తు కనుక వాతావరణం కింద ఇంకోసారి చూపించడానికి అడ్డేముంది? మూడు పుస్తకాలు మూడు సభల్లో చదివితే ఒక్క రూపాయి మూడు రూపాయలుగా వినిపిస్తుంది. మూడుచోట్లా చూపించుకోండి, కానీ మూడూ ఒకే రూపాయి అని రాయండి. ఇంత చిన్న మాట అడగడానికే మనకు ఆ పుస్తకాలు చదవడం రావాలి.

బొగ్గు మీద వేసిన పన్ను ఏమైంది?

సింగరేణి ప్రాంతంలో బొగ్గు తవ్వకం 1889లో ఇల్లెందులో మొదలైంది. ఇల్లెందు, కొత్తగూడెం, మణుగూరు ఇవన్నీ మన నేలలు. బొగ్గు పోయింది, కరెంటు పోయింది, బొగ్గుపొడి మనకు మిగిలింది. 2010లో కేంద్రం బొగ్గు మీద టన్నుకు 50 రూపాయలు స్వచ్ఛ ఇంధన సెస్సు వేసింది. పొగ పుట్టించే బొగ్గు మీద పన్ను వేసి ఆ డబ్బుతో శుభ్రమైన ఇంధనాలను పెంచుతామని చెప్పింది. వినడానికి బాగుంది. సెస్సు 2014లో 100, 2015లో 200, 2016లో 400 రూపాయలు అయింది.

ఇప్పుడు లెక్క చూడండి. 2010–11 నుంచి 2017–18 వరకు వసూలైంది 86,440 కోట్లు. అందులో స్వచ్ఛ ఇంధన నిధికి చేరింది 29,645 కోట్లు. ఆ నిధిలోంచి ప్రాజెక్టులకు ఇచ్చింది 15,911 కోట్లు. ఇవి కేంద్రం చెప్పిన అంకెలే. ఉపాధ్యాయ మిత్రులు ఎనిమిదో తరగతి పిల్లలకు శాతాలు నేర్పేటప్పుడు ఈ లెక్క ఇవ్వవచ్చు. నూరు రూపాయలు వసూలైతే నిధికి చేరింది 34, పనికి చేరింది 18. 2017లో జీఎస్టీ రాగానే ఆ సెస్సును రద్దు చేసి, అదే 400 రూపాయలను రాష్ట్రాలకు జీఎస్టీ నష్టపరిహారం ఇచ్చే సెస్సుగా మార్చారు. శుభ్రమైన ఇంధనం కోసం అని ఇచ్చిన మాట అక్కడితో ముగిసింది.

ఇంకొక అంకె దీని పక్కన పెట్టండి. కరువు, వరద, ఎండ తట్టుకోవడానికి జనానికి సాయపడాలని 2015లో జాతీయ అనుసరణ నిధి పెట్టారు. దాని కింద దేశం మొత్తం మీద మంజూరైనవి 30 ప్రాజెక్టులు, సుమారు 847 కోట్లు. బొగ్గు మీద వసూలు చేసిన నూరు రూపాయల పక్కన పెడితే ఇది ఒక్క రూపాయి కూడా నిండదు. ఎవరి నేల తవ్వి పన్ను వసూలు చేశారో వాళ్లు వానకు, ఎండకు తట్టుకోవడానికి ఇచ్చింది ఇంత. గుర్తు వేయడం రాక ఇలా జరిగిందా? 2010 నాటికే ఆ డబ్బుకు పేరుంది, ఖాతా ఉంది, ప్రయోజనం రాసి ఉంది. అడిగే వాడు లేడు, అంతే.

అడవి ధర కట్టి ఎవరికిచ్చారు?

మనకు ఇంకా దగ్గరి సంగతి కాంపా. గనికో, ప్రాజెక్టుకో, రోడ్డుకో అడవి భూమి ఇస్తే తీసుకున్న వాళ్లు డబ్బు కట్టాలి. ఆ డబ్బుతో వేరే చోట అడవి పెంచాలి. 2002లో సుప్రీంకోర్టు ఆదేశంతో మొదలైన ఈ నిధికి 2016లో పార్లమెంటు చట్టం చేసింది. 2019 ఆగస్టులో కేంద్రం ఒక్కసారే 47 వేల కోట్లకు పైగా రాష్ట్రాలకు పంచింది. తెలంగాణకు 3,100 కోట్లకు పైగా, ఆంధ్రప్రదేశ్‌కు 1,700 కోట్లకు పైగా వచ్చాయి. చెట్లు పెంచడం గాలిలోని బొగ్గుపులుసు వాయువును తగ్గిస్తుంది కనుక వాతావరణ లెక్కల్లో ఇలాంటి ఖర్చుకు గట్టి సంబంధం ఉన్నట్టు గుర్తు పడుతుంది.

ఇందులో ప్రధానమైన భాగాన్ని నికర వర్తమాన విలువ అంటారు. ఒక హెక్టారు అడవి పోతే ఎంత నష్టమో కట్టిన ధర అది. 2008లో అడవి రకాన్ని బట్టి హెక్టారుకు 4 లక్షల 38 వేల నుంచి 10 లక్షల 43 వేల వరకు నిర్ణయించారు. ఆ ధర ఎలా కట్టారు? కలప ఒక్కటే చూడలేదు. వంటచెరకు, పశువుల మేత, చిన్న తరహా అటవీ ఫలసాయం కూడా లెక్కలో వేశారు. అంటే ఆ అడవిలో చింతపండు ఏరే మన అక్కకు, పుట్టతేనె తీసే మన మామకు కలిగే నష్టం కూడా ఆ ధరలో ఉంది. మన నష్టాన్ని కొలిచారు, దానికి డబ్బు వసూలు చేశారు, ఆ డబ్బు తీసుకుపోయి అటవీశాఖ చేతిలో పెట్టారు. నష్టపోయిన ఇంటికి దారి వేయలేదు.

2016 చట్టం మీద పార్లమెంటులో చర్చ జరిగినప్పుడు గ్రామసభ సమ్మతి ఉండాలని సభ్యులు గట్టిగా అడిగారు. నియమాల్లో చూసుకుంటామని ప్రభుత్వం సర్ది చెప్పింది. 2018లో నియమాలు వచ్చాయి. వాటిలో సమ్మతి లేదు, సంప్రదింపు ఉంది. అది కూడా గ్రామసభతో లేదా అటవీ కమిటీతో అని రాశారు. సమ్మతి అంటే మనం వద్దంటే పని ఆగాలి. సంప్రదింపు అంటే మనం వద్దన్న సంగతి రాసుకుని పని చేసుకోవచ్చు. మొక్కలు నాటే కమిటీని అటవీశాఖే పెట్టి, ఆ కమిటీతోనే సంప్రదిస్తే సరిపోతుంది కూడా.

ఫలితం మన ఊళ్లలో చూశాం. తరాలుగా సాగు చేసుకుంటున్న పోడు చుట్టూ కందకాలు తవ్వారు, చేలలో మొక్కలు నాటారు. ఆ గొడవల్లో ఆడవాళ్లు దెబ్బలు తిన్నారు, జైలుకు పోయారు. ఒక అటవీ అధికారి ప్రాణం కూడా పోయింది. ఆ ప్రాణం కూడా ప్రాణమే. చట్టం చేసిన పెద్దలకు మాత్రం ఏమీ కాలేదు. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం ముందు హక్కులు తేల్చి తర్వాత మొక్కల మాట ఎత్తి ఉంటే ఇదంతా ఉండేది కాదు. తెలంగాణలో 2023 జూన్ చివరన 4 లక్షల ఎకరాలకు పైగా పోడు పట్టాలు పంచడం మొదలైంది. పట్టా ఇవ్వదగిన భూమి అంత ఉందని ప్రభుత్వమే ఒప్పుకుంది. మరి అంతకు ముందు ఆ భూముల్లో మొక్కలకని ఖర్చు పెట్టిన డబ్బును ఏ పద్దులో రాయాలి?

ఆ మొక్కలైనా బతికాయా? కాగ్ 2013లో ఇచ్చిన నివేదిక ఉంది. 2006 నుంచి 2012 వరకు దేశంలో అడవికి బదులుగా రావలసిన అడవేతర భూమి లక్షా 3 వేల హెక్టార్లు. వచ్చింది 28 వేలు. వాటిలో మొక్కలు నాటింది 7,280 హెక్టార్లు. రావలసిన దానిలో ఇది 7 శాతం. ఉత్తరాఖండ్ కాంపా నిధుల మీద 2025లో బయటికొచ్చిన కాగ్ నివేదికలో ఇంకో ముచ్చట ఉంది. అడవి పెంచే డబ్బుతో ఐఫోన్లు, ల్యాప్‌టాప్‌లు, ఫ్రిజ్‌లు కొన్నారట. వాతావరణ గుర్తుల పుస్తకంలో ఆ ఫ్రిజ్ కూడా ఒక చెట్టే.

పుస్తకంలోకి రానివి

ఇప్పుడు తలకిందుగా చూద్దాం. 2013లో ఒడిశా నియమగిరి కొండల్లో 12 గ్రామసభలు జరిగాయి. సుప్రీంకోర్టు చెప్పడంతో డోంగ్రియా కోందులను అడిగారు. బాక్సైట్ గని కావాలా అంటే 12 గ్రామసభలూ వద్దన్నాయి. కొండ మిగిలింది, అడవి మిగిలింది, వాగులు మిగిలాయి. అదే ఒడిశా ఏడేళ్ల తర్వాత దేశంలో మొదటి వాతావరణ బడ్జెట్ పుస్తకం వేసింది. నియమగిరి కాపాడిన అడవి అందులో పద్దుగా ఎక్కే దారి లేదు. ఎందుకంటే దానికి ప్రభుత్వం ఒక్క రూపాయి ఖర్చు పెట్టలేదు. ఖర్చును మాత్రమే కొలిచే పుస్తకంలో, అడవిని నరికి మళ్లీ మొక్కలు నాటితే రెండో పని ఘనంగా కనిపిస్తుంది. అసలు నరకనివ్వని వాళ్లకు సున్నా. విత్తనం దాచే మన ముసలమ్మ, నిప్పు పడితే రొట్ట కొమ్మలతో ఆర్పే మన పిల్లలు, అడవిలో దుంప తవ్వి మొదలు వదిలేసే మన అలవాటు అన్నిటికీ సున్నా.

చెడుపు కూడా పుస్తకంలోకి రాదు. మంచి పనులకు గుర్తు వేస్తారు గానీ, వాతావరణానికి చేటు చేసే ఖర్చుకు గుర్తు వేసే చోట్లు తక్కువ. ఒక చేత్తో బొగ్గు బ్లాకులు వేలం వేసి, ఇంకో చేత్తో మొక్కలు నాటితే మొక్కల చేయి ఒక్కటే ఫొటోలో పడుతుంది. అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఎర్రవరం, పెదకోట లాంటి చోట్ల పంప్డ్ స్టోరేజీ విద్యుత్ ప్రాజెక్టులు ప్రతిపాదించారు. కొండ మీదికి నీళ్లు తోడి కిందికి వదిలి కరెంటు తీస్తారు. దీన్ని ఆకుపచ్చ కరెంటు అంటారు. కొండ మన వాళ్లది, వాగు మన వాళ్లది, మునిగే చేను మన వాళ్లది. వాళ్లు వద్దని రోడ్డెక్కారు. ఆకుపచ్చ ముద్ర పడిన దానికి అయిదో షెడ్యూలు వర్తించదా? ముద్ర ఏ రంగులో ఉన్నా గ్రామసభను అడగాల్సిందే.

లెక్క వద్దనడం లేదు

కొందరు మిత్రులు అంటారు, ఇవి పెద్ద లెక్కలు, గూడెం వాళ్లకు అర్థం కావు అని. ఇంకొందరు అంటారు, లెక్క మొదలు కానివ్వండి, లోపాలు తర్వాత సవరించుకోవచ్చు అని.

రెండో మాటకు ముందు జవాబు చెబుతాను. లెక్క ఎవరు రాశారనే ప్రశ్న తర్వాత వేసేది కాదని ఢిల్లీకి బాగా తెలుసు. పేద దేశాలకు ఏడాదికి 10 వేల కోట్ల డాలర్ల వాతావరణ సాయం చేరుస్తామని ధనిక దేశాలు 2009లో మాటిచ్చాయి. 2014లో 6,200 కోట్ల డాలర్లు వచ్చేశాయని ఆ దేశాల సంఘం ఓఈసీడీ 2015లో ప్రకటించింది. అప్పులు, ప్రైవేటు పెట్టుబడులు అన్నీ కలిపి చూపిస్తే ఎలా, నమ్మదగిన అంకె 220 కోట్ల డాలర్లే అని మన ఆర్థికశాఖే ఎదురు పత్రం రాసింది. ఏది సాయం, ఎవరు లెక్కించారు, తీసుకున్న వాడిని అడిగారా అని నిలదీసింది. సరిగ్గా ఆ మూడు ప్రశ్నలే మేం ఢిల్లీని, హైదరాబాద్‌ను, అమరావతిని అడుగుతున్నాం. ప్యారిస్‌ను అడిగితే న్యాయం, మనల్ని అడిగితే అభివృద్ధికి అడ్డం అంటే కుదరదు.

మొదటి మాటకు జవాబు మన దగ్గరే ఉంది. ఉపాధి హామీలో సామాజిక తనిఖీ 2006లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే పెద్ద ఎత్తున మొదలైంది. ఊరి కుర్రాళ్లు మస్టర్లు పట్టుకుని ఇంటింటికీ తిరిగారు. చనిపోయిన వాళ్ల పేర్ల మీద కూలి ఎత్తుకున్న దొంగలను ఊరి మధ్య నిలబెట్టారు. మస్టరు చదివిన పిల్ల కాంపా పద్దు చదవలేదా? కెన్యాలో ఇసియోలో లాంటి ఎండు జిల్లాల్లో పశువుల కాపరులే వార్డు కమిటీలుగా కూర్చుని వాతావరణ నిధిని ఎక్కడ పెట్టాలో నిర్ణయించే పద్ధతి తెచ్చారు. నిధిలో 70 శాతం ఆ వార్డుల నిర్ణయాలకే కేటాయించారు. నేపాల్ 2011 విధానంలో వాతావరణ నిధుల్లో 80 శాతం క్షేత్రస్థాయికి చేరాలని రాసుకుంది. అది పూర్తిగా జరిగిందా అని అక్కడి వాళ్లు గొడవ పడుతూనే ఉన్నారు. కానీ గొడవ పడటానికి ఒక అంకె కాగితం మీద ఉంది. మనకు అది కూడా లేదు.

ఏం అడగాలి?

1996 పెసా చట్టం నాలుగో సెక్షన్ తీసి చదవండి. పంచాయతీ ఏ ప్రణాళిక, ఏ పని మొదలుపెట్టాలన్నా ముందు గ్రామసభ ఆమోదించాలి. ఖర్చు పెట్టాక, డబ్బు సరిగా వాడారని గ్రామసభ ధ్రువపత్రం ఇవ్వాలి. ఇంతకంటే మంచి పద్ధతి ఏ విదేశీ నిపుణుడూ చెప్పలేడు. అయితే ఆ మాట పంచాయతీ డబ్బుకే కట్టుబడి ఉంది. అటవీశాఖ, విద్యుత్ శాఖ, నీటిపారుదల శాఖ మన నేల మీద పెట్టే డబ్బు దాని బయట తిరుగుతోంది. అందుకే నాలుగు సంగతులు పట్టుబట్టి అడగాలి.

మొదటిది, షెడ్యూల్డ్ ప్రాంతంలో వాతావరణం పేరుతో ఏ శాఖ ఖర్చు పెట్టినా గ్రామసభ ధ్రువపత్రం ఉంటేనే ఆ గుర్తు పడాలి. ధ్రువపత్రం లేకపోతే అది మామూలు ఖర్చు. దాన్ని చూపించి అప్పు తెచ్చుకోవద్దు, పేరు తెచ్చుకోవద్దు.

రెండోది, లెక్క జిల్లాతో ఆగకుండా గూడెం పేరుతో ఉండాలి. ఎంత వచ్చింది, ఎవరి సర్వే నంబరులో పెట్టారు, అక్కడ అటవీ హక్కు దరఖాస్తు పెండింగులో ఉందా, మూడేళ్ల తర్వాత ఎన్ని మొక్కలు బతికాయి, ఈ నాలుగూ ఊరి గోడ మీద తెలుగులో రాయాలి.

మూడోది, చేటు చేసే ఖర్చుకు కూడా గుర్తు వేయాలి. గనికి ఇచ్చిన రాయితీ, మునిగిన అడవి, ఖాళీ అయిన ఊరు పక్క పేజీలో కనిపించాలి.

నాలుగోది, అడవి ధరలో మన వంటచెరకు, మేత, ఫలసాయం కింద కట్టిన వాటా ఎంతో విడిగా చూపించి, దాన్ని సామూహిక అటవీ హక్కు ఉన్న గ్రామసభ ఖాతాలో వేయాలి. అడవిని ఎలా కాపాడాలో ఆ సభకు తెలుసు. కాపాడే హక్కు కూడా 2006 చట్టం ఇచ్చింది.

ఇవి వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోనక్కర్లేదు. మా ఊరి చివర ఒక ప్లాంటేషన్ బోర్డు ఉంది. హెక్టార్లు, మొక్కల సంఖ్య, ఖర్చు రాసి ఉన్నాయి. పదో తరగతి పిల్లలు ఇద్దరిని వెంటబెట్టుకుని ఒక ఆదివారం మొక్కలు లెక్క పెట్టాం. బోర్డు మీది అంకెకు, నేల మీది అంకెకు పొంతన కుదరలేదు. ఆ తేడా నోటుబుక్కులో రాసి గ్రామసభ తీర్మానంలో ఎక్కించాం. ఆఫీసుకు తీసుకుపోతే, ఇది మీకెందుకు అని అడిగారు. మళ్లీ ఏడాది మళ్లీ లెక్క పెట్టాం. ఇప్పుడు ఆ ప్రశ్న అడగడం మానేశారు. జవాబు ఇంకా రాలేదు, కానీ మా నోటుబుక్కు ఉందని వాళ్లకు తెలుసు.

ప్రతి ఆశ్రమ పాఠశాలలో ఇలాంటి నోటుబుక్కు ఒకటి మొదలుపెట్టండి. ఒక పేజీలో వాన పడిన రోజులు, ఇప్ప రాలిన రోజులు, తునికాకు రేటు. పక్క పేజీలో మన ఊరి పేరు మీద వచ్చామని చెప్పుకున్న ప్రతి పద్దు. సమాచార హక్కు దరఖాస్తు రాయడం చదువులో భాగం చేయండి. డిగ్రీ చదివే తమ్ముళ్లు, చెల్లెళ్లు బడ్జెట్ పుస్తకంలో 796 ఎక్కడుందో వెతకడం నేర్చుకుని ఊరికి వచ్చి చెప్పండి. వాళ్ల పుస్తకం వచ్చేసరికి మన పుస్తకం సిద్ధంగా ఉండాలి.

మేడారం అడవిలో చెట్లు కూలితే 50 వేలని లెక్క కట్టగలిగిన ప్రభుత్వానికి, మన ఊళ్ల పేరుతో పెట్టిన రూపాయలను లెక్క కట్టి మన ముందు చదవడం చేతకాని పని కాదు. గ్రామసభలో నిలబడి, మన భాషలో, ఆ లెక్క చదవమని అడుగుదాం. అది చదివి, మనం సంతకం పెట్టేదాకా ఆ పద్దును ఆకుపచ్చ అని ఒప్పుకోవద్దు.